ఊఁ కొట్టకుండా వినడం

ఆన్‌లైనులో ఇంగ్లీషు పాఠాలు చెప్పే పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, మేడమ్, ముందు ఏం నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. కెమెరా ఎంత ఎత్తులో పెట్టాలి, వెలుతురు ఏ పక్కనుంచి రావాలి, గ్రామరు ఏ పుస్తకంలోంచి చెప్పాలి, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే చెబుతాను. నోరు మూసుకుని వినడం నేర్చుకోండి. నవ్వకండి. హైస్కూల్లో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన తర్వాత నేను నేర్చుకున్న విద్య ఇది, అదీ నాకు సగమే వచ్చింది.

మాది బరంపురం. తాతల నాటినుంచి గేట్ బజారులో కిరాణా హోల్‌సేలు. పుట్టిల్లూ అక్కడే, మెట్టినిల్లూ అక్కడే, మధ్యలో రెండు వీధులు. ఒడియా మీడియం ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేశాను. ఒడియా పిల్లలకి ఒడియాలో విడమరిచి ఇంగ్లీషు చెప్పే తెలుగు టీచర్ని. రిటైరయ్యాక ఇంట్లో ఉంటే మా ఆయన కొట్లో కూర్చోమంటారని భయం పట్టుకుంది. పప్పులు, చింతపండు వాసన నాకు చిన్నప్పుడే సరిపోయింది. అందుకని ఎవరో చెప్పగానే ఈ పనిలో చేరిపోయాను.

బజారులోనే ఒక బట్టల కొట్టు పైన మేడగది. దాన్ని పల్చటి చెక్కలతో చిన్న చిన్న అరలు చేసి, అరకొక కంప్యూటరు పెట్టారు. పిల్లలేమో భూమికి అవతలి వైపున, స్పానిష్ మాట్లాడే దేశాల్లో. నా వంతుకి పెరూ దేశంలో సముద్రపుటొడ్డున ఉన్న ఒక ఊరి పిల్లలు వచ్చారు. బడి చదువు ఆఖరికి వచ్చిన వాళ్ళు. అక్కడ రాత్రి భోజనాల ముందు వేళ మనకి తెల్లవారుజాము. కింద లారీల్లోంచి మూటలు దింపుతుంటే నేను మెట్లెక్కి పైకి పోయి, గుడ్ ఈవినింగ్ అని మొదలుపెట్టేదాన్ని. అది మా ఆయనకి పెద్ద వేడుక. కాఫీ ఇవ్వమంటే కూడా, "ఏటే, ఇప్పుడు నీకు పొద్దున్నా సాయంత్రమా?" అని అడిగేవారు.

పిల్లలు బాగుండేవారు. మనవాళ్ళు ఇస్కూలు అన్నట్టే వాళ్ళు ఎస్కూలు అనేవారు. నాకు చుట్టాలింటికి పోయినట్టుండేది. వాళ్ళకి గ్రామరు వచ్చు. పేపరు మీద పెడితే తప్పులు తక్కువ. నోరు తెరవాలంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. నా పని ఆ నోరు తెరిపించడం.

వాళ్ళలో ఒకమ్మాయి గురించే నేను చెప్పబోయేది. తండ్రి లేడు. తల్లి చేపలు శుభ్రం చేసి డబ్బాల్లో నింపే షెడ్డులో పనిచేసేది. ఆ అమ్మాయికి రాజధానిలో హోటల్ పనులు నేర్పే ప్రభుత్వ కాలేజీలో చేరాలని. అక్కడ సీటు రావాలంటే ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష నెగ్గాలి. ఒక బొమ్మో, ఒక విషయమో ఇస్తారు, దాని మీద కాసేపు ఆగకుండా సొంతంగా మాట్లాడాలి. నెగ్గకపోతే తల్లితోపాటు షెడ్డుకి పోవాలి. ఈ ముక్క మొదటిరోజే నాకు చెప్పేసింది, అక్కడికి దానిమీద దిగులేమీ లేనట్టు.

మొదట్లో మూడు మాటలకి మించి పలికేది కాదు. నేను ఓపిక పట్టాను. ఊరి గురించి చెప్పమన్నాను, వంట గురించి చెప్పమన్నాను, తల్లితో వచ్చిన తగాదాలు చెప్పమన్నాను. మెల్లగా నోరు విప్పింది. కొన్ని నెలలకి గలగలా చెప్పడం మొదలుపెట్టింది. తప్పులుంటే ఉన్నాయి గానీ మాట ఆగేది కాదు. నాకు గర్వంగా ఉండేది. పక్క అరలో పాఠాలు చెప్పే అమ్మాయితో, నా పిల్ల చూడు ఎలా మాట్లాడుతోందో అని గొప్పలు పోయేదాన్ని.

ఈ పక్క అర అమ్మాయిది ఆర్యపల్లి. సముద్రంలో చేపల వేటకి పోయే కుటుంబం. ఇంగ్లీషులో బీయే చేసి, వారమంతా బరంపురంలో పిన్ని ఇంట్లో ఉండి, ఆదివారానికి ఊరెళ్ళేది. నన్ను మేడమ్ అంటూనే అమ్మని విసుక్కున్నట్టు విసుక్కునేది. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

అసలు పరీక్షకి కొన్ని వారాల ముందు ఒక నమూనా పరీక్ష పెట్టాలని రూలు. రోజూ చెప్పే టీచరు కాకుండా ఇంకొకరు పెట్టాలి. అసలు పరీక్షలో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. పిల్ల మాట్లాడుతుంటే పరీక్ష పెట్టేవాళ్ళు తల ఊపకూడదు, నవ్వకూడదు, అవునూ కాదూ అనకూడదు. ఆర్యపల్లి అమ్మాయే పరీక్ష పెట్టింది. నాకూ వినపడాలని హెడ్‌ఫోను తీసేసి స్పీకరు పెట్టింది. నేను నా అరలో చెక్కకి చెవి ఆనించి కూర్చున్నాను.

మా అమ్మాయి తన ఊరి గురించి మొదలుపెట్టింది. రెండు వాక్యాలు చక్కగా చెప్పింది. ఆగింది. ఇంకో వాక్యం చెప్పింది, గొంతు తగ్గింది. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత ఇక ఏమీ లేదు. నెట్టు పోయిందేమో అనుకున్నాను. పోలేదు, ఆ పిల్ల ఊపిరి వినిపిస్తూనే ఉంది. చెప్పు తల్లీ, చెప్పు, నిన్ననే కదా ఇదంతా నాకు చెప్పావు అని లోపల అనుకుంటున్నాను. ఆ ఆత్రంలో నాకు తెలియకుండానే నా నోట్లోంచి "ఊఁ" అని వచ్చేసింది. గట్టిగానే వచ్చింది. ఆ చెక్కలెంత పల్చనివో చెప్పాను కదా.

వెంటనే అవతల ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది. తాళం తీసినట్టు ఊరూ, సముద్రమూ, పడవలూ గడగడా చెప్పింది. మళ్ళీ ఆగింది. ఆర్యపల్లి అమ్మాయి లేచి నిలబడి చెక్క మీదనుంచి నా వైపు చూసింది. నేనూ ఆమె వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

మా ఇంట్లో మా నాన్నమ్మ కథలు చెప్పేది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే రాజు గుర్రం మీద ఎక్కుతూ ఎక్కుతూ గాలిలోనే ఆగిపోయేవాడు. "ఏటే, నిద్దరోయావా? ఊఁ కొట్టకుంటే నాను సెప్పను" అని పక్కకి తిరిగి పడుకునేది. అలా పెరిగిన మనిషిని. ఎవరు ఏం చెప్పినా నా నోరు దానంతటదే ఊఁ కొడుతుంది. మా ఆయన కొట్టు సంగతులు చెప్పినా అంతే, పనిమనిషి దాని అత్త మీద చాడీలు చెప్పినా అంతే. ఇన్ని నెలలూ ఈ పిల్ల వాక్యం చెప్పడం, నేను ఊఁ అనడం, ఇంకో వాక్యం చెప్పడం. నేను మాట నేర్పాననుకున్నాను. నేర్పింది మాట కాదు, నా ఊఁ కోసం ఎదురుచూడటం. మన దగ్గర ఊఁ లేకపోతే కథ ఆగుతుంది. ఆ పిల్లకి ఊఁ లేకపోతే తను తప్పు చెప్పినట్టు. పరీక్ష గదిలో ఊఁ అనేవాళ్ళు ఎవరూ ఉండరు.

మా సూపర్‌వైజరు ఒడియా ఆయన, నెమ్మదస్తుడు. ఆయన కోపంగా చెప్పినా కుశలం అడిగినట్టే ఉంటుంది. నమూనా పరీక్షలో ఆగిపోయిన పిల్లని వేరే టీచరుకి మార్చడం ఇక్కడి పద్ధతి, ఆ పిల్లని ఆర్యపల్లి అమ్మాయికి ఇచ్చేద్దామా దీదీ అని ఒడియాలో మర్యాదగా అడిగాడు. అడగటం కాదది, చెప్పటం. నేను పాడుచేసింది నేనే బాగుచేస్తాను, పరీక్ష దాకా వదిలేయండి అని బతిమాలాను. జీవితంలో హెడ్మాస్టర్లని కూడా అంత బతిమాలలేదు. ఆయన కాసేపు పెన్ను మూత తీసీ పెట్టీ, సరే అన్నాడు. ఆ సరే విన్నప్పటినుంచీ నాకు నిద్ర సరిగా లేదు.

మర్నాటి క్లాసునుంచి ఊఁ మానేద్దామనుకున్నాను. ఆ పిల్లకి చెప్పకుండా మానేయడం మంచిదనుకున్నాను, చెబితే కంగారు పడుతుందని. పెదాలు బిగించుకుని, ముఖం బిగించుకుని కూర్చున్నాను. పక్కనుంచి ఎవరైనా చూస్తే పళ్ళ నొప్పి అనుకునేవారు. ఆ పిల్ల రెండు వాక్యాలు చెప్పి నా ముఖం వైపు చూసింది. ఇంకో వాక్యం చెప్పి మళ్ళీ చూసింది. తర్వాత తల వంచేసుకుని, గుడ్ నైట్ టీచర్ అని వెళ్ళిపోయింది. ఆ మరుసటి క్లాసుకి రాలేదు. దాని మరుసటి దానికీ రాలేదు.

ఖాళీ తెర ముందు కూర్చుని వేచి చూడటం ఎంత కష్టమో మీకూ తెలుస్తుంది. ఎదురుగా మన ముఖమే మనకి కనిపిస్తూ ఉంటుంది. అంతకంటే శిక్ష ఏముంది. మా ఆయనతో చెబితే, "నీకు అప్పగించిన పిల్ల కాబట్టి నువ్వే అడుగు. రాలేదని కూకుంటే ఎలాగ?" అన్నారు. ఆఫీసు వాళ్ళ చేత ఆ పిల్ల ఇంటికి కబురు పెట్టించాను.

తర్వాతి రోజు తెర మీద ఇద్దరు కనిపించారు. ముందు తల్లి, వెనకాల కూతురు. తల్లి పనినుంచి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టుకి కట్టిన తెల్ల గుడ్డ ఇంకా విప్పలేదు. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఆమె స్పానిష్‌లో ఏదో చాలాసేపు చెప్పింది. కూతురు కిందికి చూస్తూ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

"మా అమ్మ అడుగుతోంది, మీకు నా మీద కోపం వచ్చిందా అని. నాకు ఇంగ్లీషు రాదనిపిస్తే ఇప్పుడే చెప్పేయమంటోంది. షెడ్డులో మనుషుల్ని తీసుకుంటున్నారట. ఈ వారంలోనే చేరాలట."

తన గురించి తనే ఆ మాటలు చెప్పింది, ఒక్క తప్పు లేకుండా, మధ్యలో ఆగకుండా. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమెందుకమ్మా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. మా నాన్నమ్మ సంగతి, గాలిలో ఆగిపోయే రాజు సంగతి, నా పాడు అలవాటు సంగతి. ఊఁ అని చేసి చూపించాను. మా దేశంలో దాని అర్థం, నేను వింటున్నాను, చెప్పు అని. ఊఁ అనకపోతే తప్పు అని కాదు, చెప్పింది బాగాలేదని కాదు, పరీక్ష పెట్టేవాళ్ళకి నోరు విప్పకూడదని రూలు ఉంది, అంతే. ఆ పిల్ల తల్లికి చెప్పింది. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత తెరకి దగ్గరగా వచ్చి, చాలా జాగ్రత్తగా, "ఊఁ" అంది. బాగానే పలికింది. షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక మిగిలింది నా నోరు. పెదాలు బిగించినా ముక్కులోంచి వచ్చేది. లవంగం బుగ్గన పెట్టుకున్నాను, చెంగు నోట్లో కుక్కుకున్నాను, పెద్దగా లాభం లేదు. ఒకరోజు నోటినిండా నీళ్ళు పోసుకుని కూర్చున్నాను. ఆ పిల్ల వాళ్ళమ్మ చేసే చేపల పులుసులాంటిదేదో వర్ణిస్తోంది, సరిగ్గా మంచి చోటికి వచ్చింది, నాలోంచి ఊఁ బయలుదేరింది, నీళ్ళు అడ్డదారి పట్టాయి. ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే ఆర్యపల్లి అమ్మాయి పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది. "మేడమ్, పరీచ్చ ఆ పిల్లకి. మీ పేనం మీదకి తెచ్చుకుంతన్నారేటి?" అంది. అటు తెరలో ఆ పిల్ల ముందు భయపడింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

చివరికి నా మైకు ఆపేశాను, కెమెరా కూడా ఆపేశాను. ఇక నా ఇష్టం వచ్చినన్ని ఊఁలు కొట్టుకోవచ్చు, ఆ పిల్లకి వినపడవు. ఎదురుగా నల్లటి తెర చూస్తూ తను మాట్లాడాలి. మొదటి రోజుల్లో రెండు వాక్యాలకొకసారి, టీచర్, ఉన్నారా అని అడిగేది. నేను జవాబు ఇవ్వకూడదు. అది మాత్రం నావల్ల అయ్యేది కాదు, చెయ్యి మైకు బటను మీదకి పోయేది. నా చెయ్యి పట్టుకోవడానికి ఆర్యపల్లి అమ్మాయి తన క్లాసు లేనప్పుడు వచ్చి పక్కన కూర్చునేది. ఆ పిల్ల ఒకరోజు చివరిదాకా ఆగకుండా చెప్పేది, మరునాడు మధ్యలోనే చతికిలపడేది. ఆఖరి క్లాసులో కూడా ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఏదో కూడదీసుకుని పూర్తిచేసింది. అది చాలుతుందో చాలదో నాకు తెలియలేదు. నువ్వు బాగా చేస్తావు అని చెప్పాను. టీచర్లం కదా, అలాగే చెబుతాం.

పరీక్షకి తల్లీ కూతుళ్ళు బస్సులో రాజధానికి పోయారు. అయిపోయాక ఒక కబురు వస్తుందనుకున్నాను. రాలేదు. పరీక్షతో వాళ్ళ క్లాసులు కూడా ముగిశాయి. పిల్లలకి మనం సొంతంగా ఫోను చేయకూడదని ఇక్కడి నియమం. నేను రోజూ తెల్లవారుజామున వేరే పిల్లలకి పాఠాలు చెబుతూ, పాత క్లాసు తెర ఒక మూల తెరిచి ఉంచేదాన్ని. బాగా చేసి ఉంటే చెప్పదా అనుకునేదాన్ని. మళ్ళీ నాకు నేనే, ఫలితం వచ్చాక చెబుదామనుకుందేమో అని సర్దుకునేదాన్ని. ఇంట్లో పాలు రెండుసార్లు పొంగిపోయాయి. మా ఆయనే స్టవ్ తుడిచారు.

నా వాలకం చూసి ఒక ఆదివారం ఆర్యపల్లి అమ్మాయి నన్ను వాళ్ళ ఊరు తీసుకుపోయింది. ఇసకలో చేపలు ఎండబెట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ కాకుల్ని తోలుతూ, నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఒకసారి తుపానులో వాళ్ళ పడవ గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన కథ చెప్పింది. మొగుడు బతికున్నాడో లేడో తెలియక ఒడ్డున నిలబడి ఉండిపోయిందట. నేను చెంగు నోట్లో కుక్కుకోవడం మరిచిపోయి, హాయిగా ఊఁ కొడుతూ విన్నాను. ఆమె చెప్పడం ఆపి నా వైపు చూసింది.

"మీరు ఊఁ కొడతంటే సెప్పాలనిపిస్తంది తల్లీ. మా ఇంట్లో ఎవులు ఇంతారు? అందరూ ఫోనే సూసుకుంతారు. ఇన్నాళ్ళకి ఈ కత మొత్తం సెప్పేను," అంది.

వచ్చేటప్పుడు బస్సులో నాకు చాలా బెంగగా అనిపించింది. నా ఊఁ ఆ పిల్లకి నోరు తెరిపించింది, నిజమే. ఆ ఊఁనే తీసేసి పరీక్షకి పంపాను. మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోయాను. మీరు పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడు ఊఁ కొట్టాలో, ఎప్పుడు మానాలో మీకే తెలియాలి, నన్ను అడగకండి.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున, ఒక క్లాసు అయిపోయి ఇంకోటి మొదలవకముందు, మూలనున్న పాత తెర మోగింది. ఆ పిల్లే. ముఖం చూసి ఏదీ పోల్చుకోలేకపోయాను. టీచర్, మొత్తం వరుసగా చెబుతాను, ఇంగ్లీషులో చెబుతాను అంది. నేను తల కూడా ఊపలేదు. చెంగు మడిచి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఇన్నాళ్ళు నేర్పింది నేనే కదా, ఇప్పుడు నేనే పాడుచేస్తే ఎలా.

బస్సు ఎక్కడం దగ్గరనుంచి మొదలుపెట్టింది. బస్సులో వాళ్ళమ్మకి వాంతులైన సంగతి చెప్పింది. పరీక్ష పెట్టే ఆవిడ కళ్ళజోడు గురించి చెప్పింది. రెండు వాక్యాలు చెప్పగానే మాట ఆగిపోయిందట. ఆవిడ కాగితం వైపు చూస్తూ కూర్చుందట.

"అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది టీచర్. లోపలికి పంపేముందు నాతో చెప్పింది, నువ్వు బయటికి వచ్చేదాకా నేను గేటు దగ్గర కూర్చుని ఊఁ అంటూనే ఉంటాను, నీకు వినపడకపోయినా అంటూనే ఉంటాను అని. నేను బయటికి వచ్చేసరికి నిజంగానే అంటోంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఆమెని చూస్తున్నారు."

ఆ తర్వాత లోపల ఎలా చెప్పిందో చెప్పింది. ఇంటికి వచ్చాక రోజులెలా గడిచాయో చెప్పింది. భయంతో నాకు కబురు చేయలేదని చెప్పింది. నిన్న ఫోనులో ఫలితం వచ్చిందని, వాళ్ళమ్మ చూడలేక వంటింట్లోకి పోయిందని, తను తెరిచి చూసిందని చెప్పింది. అక్కడ ఆగిపోయింది.

నేను చెంగు కొరుకుతూ కూర్చున్నాను. చెక్క అవతల ఆర్యపల్లి అమ్మాయి కుర్చీ చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ పిల్ల నా వైపు చూస్తోంది, నేను ఆ పిల్ల వైపు చూస్తున్నాను.

"టీచర్, పరీక్ష అయిపోయింది," అంది. "మీ నాన్నమ్మలాగా నేను కూడా అంతే. మీరు అనకపోతే చెప్పను."

చెంగు నోట్లోంచి తీశాను.

"ఊఁ," అన్నాను.

"సీటు వచ్చింది," అంది.